స్వీడన్ చలికాలంలో చిన్నపిల్లలతో: రోజుని పగటి వెలుగు చుట్టూ అమర్చుకోవడం ఎలా

స్టాక్‌హోంలో డిసెంబర్ మూడో వారానికి పొద్దున 8:45 దాకా సూర్యుడు రాడు. మధ్యాహ్నం 2:45 కల్లా పొద్దు గూకుతుంది. నికరంగా 6 గంటల పగలు. అదే రోజున హైదరాబాదులో 11 గంటలు పగలుంటుంది. పైగా ఇక్కడ మబ్బు పట్టిందంటే ఆ 6 గంటలు కూడా మసక మసగ్గానే గడిచిపోతాయి. ఇంకా ఉత్తరాన కిరునాలో అయితే డిసెంబర్ రెండో వారం నుంచి జనవరి మొదటి రోజుల దాకా సూర్యుడు ఉదయించడు.

ఏడాది, రెండేళ్ల పిల్లలతో కొత్తగా వచ్చిన మనవాళ్లు చలికి భయపడతారు. నిజానికి చలి సంగతి బట్టలు చూసుకుంటాయి. పిల్లల నిద్రనీ, ఆకలినీ, మూడ్‌నీ, వాళ్లతోపాటు మననీ కుంగదీసేది వెలుగు లేకపోవడమే. కాబట్టి చలికాలమంతా ఒక్క నియమం పెట్టుకోండి: వెలుగున్నప్పుడు, రోజుకి ఒక్కసారైనా, పిల్లలు బయట ఉండాలి. వంట, స్నానం, నిద్ర, షాపింగ్, వీడియో కాల్ అన్నీ దాని తర్వాతే. ఎలా సర్దుకోవాలో మొదటినుంచి చెప్తాను.

1. బట్టలు సెప్టెంబర్‌లోనే కొనండి

మంచు పడ్డాక దుకాణానికి వెళ్తే మీకు కావలసిన సైజు ఉండదు. ఇక్కడ పిల్లల బట్టల సైజంటే సెంటీమీటర్లలో వాళ్ల ఎత్తు: 86, 92, 98, 104. గోడకి నిలబెట్టి కొలవండి. ఒంటి మొత్తానికి ఒకటే జిప్పుతో వచ్చే ఓవరాల్ మాత్రం ఒక సైజు పెద్దది తీసుకోండి. లోపల ఉన్ని బట్టలకి చోటుండాలి, మార్చి దాకా సరిపోవాలి. వచ్చే ఏడాదికి కూడా ఉంటుందని రెండు సైజులు పెద్దది కొనకండి. కాళ్ల మధ్య బట్ట వేలాడుతుంటే పిల్లలు అడుగడుక్కీ పడతారు, చివరికి నడవనని మొండికేస్తారు. లేబుల్ మీద నీటిని ఎంత తట్టుకుంటుందో మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది. 8,000 నుంచి 10,000 ఉంటే రోజూ మంచులో దొర్లే పిల్లలకి సరిపోతుంది.

లోపలికి మెరీనో ఉన్ని బట్టలు రెండు జతలు. మన కాటన్ బనియన్లు ఇక్కడ ఇంట్లో వేసుకోవడానికే. చెమట పట్టినా, మెడలోంచి మంచు దూరినా కాటన్ ఆ తడిని పట్టుకుని ఒంటికి అంటుకుపోతుంది, చల్లబడుతుంది. ఉన్ని కాస్త తడిసినా వెచ్చదనం పోదు. మెరీనో గుచ్చుకోదు కాబట్టి పిల్లలు గొడవ చేయరు. ప్రతిసారీ ఉతకక్కర్లేదు, బాల్కనీలో గాలికి వేలాడదీస్తే వాసన పోతుంది. ఉతికేటప్పుడు 30 డిగ్రీల ఉన్ని ప్రోగ్రామే పెట్టండి, లేదంటే రెండు సైజులు కుంచించుకుపోయి బయటికొస్తుంది.

స్టాక్‌హోంలో ఎక్కువ రోజులు ఉష్ణోగ్రత సున్నా దగ్గరే తచ్చాడుతుంది. మైనస్ 10లో ఉండే పొడి చలి కంటే, ప్లస్ 1లో కరిగి బురదైన మంచు పిల్లలని ఎక్కువ బాధపెడుతుంది. అందుకే గాలోన్ అని పిలిచే వాన ప్యాంటు, జాకెట్ కూడా కావాలి. బురద రోజుల్లో వాటి కింద ఫ్లీస్ వేస్తే చాలు. ఇక చేతి తొడుగులు ఎన్ని ఉన్నా తక్కువే. కనీసం మూడు జతలు, అందులో రెండు నీళ్లు దూరనివి. వేళ్లు విడివిడిగా ఉన్నవి కాకుండా, నాలుగు వేళ్లూ ఒకే సంచిలో పడేవి కొనండి, పొడుగు కఫ్ ఉండాలి. మెడకి స్కార్ఫ్ వద్దు. జారుడుబండ మీద ఎక్కడైనా చిక్కుకుంటే ప్రాణం మీదికొస్తుంది. వెల్క్రోతో ఊడిపోయే మెడపట్టీ దొరుకుతుంది, అది చాలు.

బూట్ల దగ్గర మాత్రం శ్రద్ధ పెట్టండి. బూటు లోపలి అట్ట బయటికి తీసి, మందపాటి ఉన్ని సాక్సు తొడిగిన పాదాన్ని దాని మీద నిలబెట్టండి. మడమని అట్ట వెనక అంచుకి ఆనించి చూస్తే, బొటనవేలి ముందు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల ఖాళీ కనపడాలి. వెచ్చగా ఉంచేది ఆ ఖాళీలో ఉండే గాలే. బిగుతు బూటులో రెండు జతల సాక్సులు తొడిగితే కాళ్లు ఇంకా తొందరగా చల్లబడతాయి. నెలకోసారి ఇదే పరీక్ష మళ్లీ చేయండి, పిల్లల పాదాలు ఒక్క చలికాలంలోనే సైజు దాటిపోతాయి.

ఇవన్నీ కొత్తవే కొంటే ఖర్చు చాలా అవుతుంది. వాడిన వస్తువులు అమ్మే వింటెడ్, బ్లాకెట్, ట్రాడెరా సైట్లలో మంచి కంపెనీల ఓవరాల్స్ సగం ధరకి, ఇంకా తక్కువకి కూడా దొరుకుతాయి. ఎవరో వాడినవి మన పిల్లలకెందుకని ఊళ్లో పెద్దవాళ్లు అనొచ్చు. మన ఇళ్లలో అన్న చొక్కా తమ్ముడికి వచ్చినట్టే అనుకోండి. సెకండ్ హ్యాండ్‌లో జిప్పు, మోకాళ్లు, పాదం కింద పట్టీలు బాగున్నాయో లేదో చూస్తే చాలు. స్కేట్స్, హెల్మెట్, స్లెడ్జి అసలు కొనకండి. 2013లో మొదలైన ఫ్రీటీడ్స్‌బాంకెన్ అనే సంస్థ వాటిని 14 రోజులకి ఉచితంగా అరువిస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు, డిపాజిట్ అడగరు. ఇప్పుడు దేశమంతా శాఖలున్నాయి.

2. తొడిగే వరస నేర్చుకోండి

రెండేళ్ల పిల్లల్ని బయటికి తయారుచేయడమే ఒక పెద్ద పని. వరస తప్పితే సగంలో ఏడుపు మొదలవుతుంది. ముందు డైపరో టాయిలెటో చూసేయండి. తర్వాత మీరు తయారవ్వండి. కోటు, బూట్లు, టోపీ, తాళాలు, అన్నీ. పిల్లలకి ముందు తొడిగి, మీరు తాళాలు వెతుక్కుంటూ ఉంటే వెచ్చటి ఇంట్లో వాళ్లకి చెమటలు పడతాయి, ఆ చెమటే బయట చలిపెడుతుంది.

ఇప్పుడు పిల్లలకి. ఉన్ని బనియన్, ఉన్ని లెగ్గింగ్, లెగ్గింగ్ అంచు మీదికి లాగి సాక్సు. బాగా చలిగా ఉంటే ఫ్లీస్. మెడపట్టీ, టోపీ. ఓవరాల్‌ని జిప్పు తెరిచి నేలమీద పరవండి. పిల్లల్ని దాని మీద కూర్చోబెట్టి ముందు రెండు కాళ్లు, తర్వాత నిలబెట్టి చేతులు, అప్పుడు జిప్పు. బూట్లు తొడిగాక ఓవరాల్ పట్టీని బూటు కిందనుంచి దాటించండి, అది లేకపోతే మంచులో కూర్చోగానే ప్యాంటు మోకాళ్ల దాకా లేస్తుంది. చేతి తొడుగులు అన్నిటికంటే చివర, తలుపు దగ్గర.

మూడేళ్లొచ్చాక జాకెట్ వాళ్లే వేసుకోగలరు. జాకెట్‌ని నేలమీద పరిచి, టోపీ వైపు వాళ్ల పాదాల దగ్గర ఉండేలా పెట్టండి. వంగి రెండు చేతులూ చొక్కాచేతుల్లో దూర్చి, తల మీదుగా వెనక్కి విసిరితే జాకెట్ ఒంటిమీద ఉంటుంది. ఇక్కడి పిల్లలంతా ఇలాగే వేసుకుంటారు. మీవాళ్లకి మొదటిసారి వచ్చిన రోజు వాళ్ల మొహం చూడాల్సిందే.

చలేస్తోందా లేదా అని చూడటానికి చేతులు కాదు, మెడ వెనక వేళ్లు పెట్టండి. వెచ్చగా, పొడిగా ఉంటే సరిపోయింది. చెమటగా ఉంటే ఒక పొర తగ్గించండి. మనవాళ్లలో ఎక్కువమంది చేసేది అతిగా కప్పెయ్యడమే. పిల్లల కాళ్లకున్న పట్టీలు, మురుగులు చలికాలం తీసి దాచేయండి, బూటు లోపల నొక్కుకుంటాయి. మందపాటి ఓవరాల్‌తో కారు సీట్లో కూర్చోబెట్టకండి. బెల్టు బిగిసినట్టు కనిపించినా గుద్దుకున్నప్పుడు ఆ మందం అణిగిపోయి బెల్టు వదులవుతుంది. ఓవరాల్ విప్పి, బెల్టు పెట్టి, పైన దుప్పటి కప్పండి.

3. మామూలు రోజుల్లో: పొద్దున వెలుగు, సాయంత్రం రిఫ్లెక్టర్

పిల్లలు ఫోర్‌స్కూలాకి, అంటే ఇక్కడి ప్రీస్కూలుకి, వెళ్తుంటే సగం పని అక్కడివాళ్లే చేసేస్తారు. వానైనా మంచైనా రోజూ బయటికి తీసుకెళ్తారు. మీరు చేయాల్సింది హుక్కు కింద బుట్టలో ఇంకో జత ఉన్ని బట్టలు, సాక్సులు, చేతి తొడుగులు ఎప్పుడూ ఉండేలా చూడటం. ప్రతిదాని మీదా పేరు అంటించండి. ఇరవై మంది పిల్లలవీ దాదాపు ఒకేలాంటి నీలం ఓవరాల్సే ఉంటాయి. శుక్రవారం అన్నీ ఇంటికి తెచ్చి ఆరబెట్టండి.

సాయంత్రం తీసుకొచ్చే వేళకి చిమ్మచీకటి. కారు డిమ్ లైట్లలో రిఫ్లెక్టర్ లేని మనిషి డ్రైవర్‌కి 20, 30 మీటర్ల దూరంలో గానీ కనపడడు. ఉంటే 125 మీటర్ల దూరంనుంచే కనపడతాడు. పిల్లల ఓవరాల్‌కి రెండు పక్కలా, స్ట్రోలర్‌కి, మీ నల్ల కోటుకి కూడా పెట్టండి. మన పెద్దవాళ్లు వచ్చినప్పుడు వాళ్ల కోటుకి పెట్టడం మరిచిపోతాం.

చీకటైనా నేరుగా ఇంటికి వెళ్లకండి. తలకి కట్టుకునే చిన్న లైటు పిల్లలకి కట్టి, పావుగంటో అరగంటో పార్కులో వదిలేయండి. లైటు వెలుగులో మంచు రవ్వలు మెరుస్తుంటే వాటిని పట్టుకోబోతూ, తమ నీడని తామే తరుముతూ ఆడుకుంటారు. ఆ అరగంట రాత్రి నిద్రకి ఎంత పనికొస్తుందో వారంలో మీకే తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: గడ్డకట్టిన ఇనప స్తంభాన్ని నాలుకతో తాకొద్దని ముందే చెప్పండి. అంటుకుంటే లాగకూడదు, గోరువెచ్చటి నీళ్లు పోస్తే వదులుతుంది.

నిద్ర విషయంలో నాదో గట్టి అభిప్రాయం. మన ఇళ్లలో పిల్లలు పెద్దవాళ్లతోపాటు రాత్రి 10 దాకా మేలుకుని ఉంటారు. ఇక్కడి చలికాలంలో అది కుదరదు. ఆలస్యంగా పడుకుంటే ఆలస్యంగా లేస్తారు, సెలవు రోజున 10 గంటలకి లేచి ఇడ్లీ తిని తయారయ్యేసరికి పగలు సగం అయిపోయి ఉంటుంది. శరీరంలోని గడియారాన్ని సరిచేసేది పొద్దుటి వెలుగే. సాయంత్రం 6 గంటలకి అన్నం పెట్టేయండి, 7 తర్వాత హాల్లో పెద్ద లైట్లు, టీవీ ఆపేయండి, 8 లోపు పడుకోబెట్టండి. పొద్దున లేవగానే ఇంట్లో లైట్లన్నీ వేసి, టిఫిన్ కిటికీ పక్కనే తినిపించండి.

4. విటమిన్ డి: రెండేళ్లకి ఆపకండి

అక్టోబర్ నుంచి మార్చి దాకా ఇక్కడి ఎండ చర్మంలో విటమిన్ డి తయారుకావడానికి చాలదు. బయట తిప్పడం నిద్రకీ మనసుకీ, విటమిన్‌కి మాత్రం చుక్కలే దారి. బీవీసీలో, అంటే పిల్లల ఆరోగ్య కేంద్రంలో, రెండేళ్లు నిండేదాకా డి చుక్కలు ఉచితంగా ఇస్తారు. రోజుకి 5 చుక్కలు, అంటే 10 మైక్రోగ్రాములు, ఇండియా సీసాల మీద ఉండే లెక్కలో 400 ఐయూ. సీసాని నేరుగా నోట్లో వంచకండి, చెంచాలో లెక్కపెట్టి ఇవ్వండి.

రెండేళ్లు నిండగానే చాలామంది ఆపేస్తారు. స్వీడన్ ఆహార సంస్థ లివ్స్‌మేదెల్స్‌వెర్కెట్ సలహా ప్రకారం ముదురు రంగు చర్మమున్న పిల్లలకీ, చేపలు తిననివాళ్లకీ, విటమిన్ డి కలిపిన పాల పదార్థాలు తీసుకోనివాళ్లకీ ఆ తర్వాత కూడా చుక్కలు కొనసాగించాలి. శాకాహార తెలుగు ఇంట్లో పిల్లలకి వీటిలో రెండు మూడు వర్తిస్తాయి. ఇక్కడ 3 శాతం కొవ్వు దాటని పాలలో, పెరుగులో విటమిన్ డి కలపడం తప్పనిసరి. మనం పెరుగన్నానికి ఇష్టపడి కొనే 10 శాతం టర్కిష్ పెరుగు ఆ నియమం కిందికి రాదు. ఒకటి గట్టిగా చెప్తున్నాను: ఇండియాలో పెద్దవాళ్లకి ఇచ్చే 60,000 ఐయూ సాషేలు పిల్లలకి మీ అంతట మీరు ఇవ్వకండి. ఇండియా చుక్కలు, ఇక్కడి చుక్కలు కలిపి కూడా ఇవ్వకండి, రెండిటి గాఢత వేరు.

చర్మానికి కూడా శ్రద్ధ కావాలి. హీటర్ల వల్ల ఇంట్లో గాలి పొడిగా ఉంటుంది. రోజూ వేడినీళ్ల స్నానం చేయిస్తే కాళ్ల మీద పొలుసులు లేస్తాయి, వారానికి రెండు మూడు సార్లు చాలు. కొబ్బరినూనె గడ్డకడితే గిన్నెని వేడినీళ్లలో పెట్టి కరిగించి, స్నానమవగానే ఒళ్లు తడిగా ఉన్నప్పుడే రాయండి.

5. శని, ఆదివారాలు

పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 1 దాకా బయటికే. వంట తర్వాత. శుక్రవారం రాత్రే పులిహోర కలిపిపెట్టుకుంటే ఇంటికి రాగానే తినొచ్చు. ఫ్లాస్కులో వేడి రాగిజావ, డబ్బాలో జంతికలు పట్టుకెళ్లండి. టీరెస్టా లాంటి అడవుల్లో మంట వేసుకోవడానికి కట్టిన చోట్లుంటాయి. అక్కడ మొక్కజొన్న పొత్తులు కాల్చి ఇస్తే, నడవనన్న పిల్లలు కూడా వచ్చేవారం మళ్లీ వెళ్దామంటారు. స్టాక్‌హోం నడిబొడ్డున కుంగ్స్‌ట్రేడ్‌గోర్డెన్ పార్కులో ఐస్ మీద స్కేటింగ్ ఉంటుంది, పిల్లలకీ మీకూ హెల్మెట్ తప్పనిసరి అనుకోండి. జంతువులు కూడా ఉండే ఆరుబయటి మ్యూజియం స్కాన్సెన్ చలికాలంలో కూడా తెరిచే ఉంటుంది, జంతువుల దగ్గర రద్దీ తక్కువ. గడ్డకట్టిన చెరువు మీదికి మాత్రం, దాని గురించి తెలిసినవాళ్లు తోడు లేకుండా అడుగుపెట్టకండి.

మైనస్ 15 దాటిన రోజున చిన్నపిల్లలతో పావుగంట చాలు. ఆ రోజు బెర్గియన్స్కా అనే బొటానికల్ తోటలోని గాజు గ్రీన్‌హౌస్‌కి వెళ్లండి. తలుపు తీయగానే కళ్లద్దాలు మసకబారతాయి, తడి మట్టి వాసన వస్తుంది. కుల్తూర్‌హూసెట్ అనే సాంస్కృతిక భవనంలో పిల్లల గది కూడా మంచి చోటు.

అమ్మమ్మ, నానమ్మలతో వీడియో కాల్ కూడా బయటినుంచే చేయండి. చలికాలంలో ఇండియా మనకంటే నాలుగున్నర గంటలు ముందుంటుంది. ఇక్కడ 11 గంటలంటే వాళ్లకి మధ్యాహ్నం 3:30, నిద్ర లేచి టీ తాగే వేళ. "పసివాణ్ణి ఆ చలిలో తిప్పుతున్నారా, జలుబు చేయదూ" అంటారు. జలుబు వచ్చేది వైరస్ వల్ల, అది తలుపులు మూసిన గదుల్లోనే ఎక్కువ అంటుకుంటుందని ఓపికగా చెప్పండి. మంచులో దొర్లుతూ నవ్వే మనవణ్ణి రెండు మూడు వారాలు చూశాక వాళ్లే అడగడం మానేస్తారు.

ఇంట్లో వెలుగు కోసం, దీపావళికి కట్టిన సీరియల్ లైట్లు తీయకండి. నవంబర్ చివర్లో, డిసెంబర్ మొదట్లో అడ్వెంట్, అంటే క్రిస్మస్ ముందు వారాలు, మొదలవగానే పక్కింటి కిటికీల్లో కూడా దీపాలు, కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. డిసెంబర్ 13న లూసియా అనే దీపాల పండగ, పిల్లలు తెల్లటి గౌన్లలో పాటలు పాడతారు. జనవరి 13న క్నూట్ రోజు ఇక్కడివాళ్లు క్రిస్మస్ చెట్టు తీసేస్తారు, సరిగ్గా మన భోగి ఆ రోజో మర్నాడో వస్తుంది. రేగిపళ్లు దొరక్కపోయినా పూరేకులు, చిల్లర నాణేలతో భోగిపళ్లు పోయండి, ఫోర్‌స్కూలా స్నేహితుల్ని పిలవండి. వెలుగు తక్కువ నెలల్లో పిల్లలకి ఎదురుచూడటానికి ఏదో ఒకటి ఉండాలి.

6. జబ్బుల కాలానికి ముందే సిద్ధపడండి

ఫోర్‌స్కూలా మొదటి ఏడాది పిల్లలకి ఆరేడు జలుబులు రావడం మామూలే. టెన్షన్ పడకండి, మీ పెంపకంలో లోపమేమీ లేదు. పిల్లలకి ఒంట్లో బాగోలేనప్పుడు ఇంట్లో ఉండటాన్ని వాబ్ అంటారు. ఫిబ్రవరిలో ఇవి ఎంత ఎక్కువంటే ఆ నెలని ఇక్కడివాళ్లు వాబ్రువారి అని పిలుస్తారు. ఒక్కో బిడ్డకి ఏడాదికి 120 రోజుల దాకా దొరుకుతాయి, జీతంలో 80 శాతానికి కాస్త తక్కువ ఫోర్‌సేక్రింగ్స్‌కాసన్ అనే ప్రభుత్వ బీమా సంస్థ ఇస్తుంది, పరిమితి ఉంటుంది. పొద్దున్నే ఆఫీసుకీ ఫోర్‌స్కూలాకీ చెప్పండి, డబ్బుకి యాప్‌లో తర్వాత అప్లై చేయొచ్చు. 8వ రోజునుంచి డాక్టర్ లేదా నర్సు సర్టిఫికెట్ కావాలి. మేనేజర్ ఏమనుకుంటారో అని సెలవు పెట్టడానికి జంకకండి, అది మీ హక్కు. అమ్మ ఒక్కర్తే ఎప్పుడూ ఉండిపోకుండా వంతులు ముందే అనుకోండి. వాంతులు, విరేచనాలైతే అవి ఆగాక 48 గంటలు పంపొద్దని చాలా ఫోర్‌స్కూలాల్లో నియమం.

సందేహం వస్తే ఆరోగ్య సలహా నంబర్ 1177కి ఫోన్ చేయండి, నర్సు మాట్లాడతారు. జలుబుకి యాంటీబయాటిక్ రాయరు, అది నిర్లక్ష్యం కాదు. అయితే మూడు నెలల లోపు పసిబిడ్డకి జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఏ వయసు వాళ్లకైనా ఊపిరి ఆడటం కష్టంగా ఉంటే అత్యవసర నంబర్ 112కి చేయండి.

7. ఇంట్లో ఒంటరిగా ఉన్న అమ్మకి

చలికాలం అందరికంటే బరువుగా గడిచేది పసిబిడ్డతో ఇంట్లో ఉన్న తల్లికి. భర్త 8 గంటలకి చీకట్లో వెళ్తాడు, 5 గంటలకి చీకట్లో వస్తాడు. భాష రాదు, పలకరించే మనిషి ఉండదు. ఇలాంటి ఇళ్లకి ఓప్నా ఫోర్‌స్కూలా ఉంది. స్కూలుకి వెళ్లని వయసు పిల్లలతో తల్లిదండ్రులు వెళ్లి కూర్చునే చోటు, ఉచితం, చాలాచోట్ల ముందుగా పేరు నమోదు చేయక్కర్లేదు. మొదటిసారి కొత్తగా అనిపించి వచ్చేయాలనిపిస్తుంది. ఒకే చోటికి, వారంలో అవే రెండు రోజులు, అదే వేళకి వెళ్లండి. నెల తిరిగేసరికి పేరు పెట్టి పిలిచేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. బిడ్డ స్ట్రోలర్‌లో వెచ్చగా చుట్టుకుని బయటే నిద్రపోతే మీకూ ఆ గంట వెలుగు దొరుకుతుంది.

బిడ్డకి ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య బీవీసీ నర్సు తల్లి మనసు ఎలా ఉందో అడిగే ప్రశ్నల పత్రం ఇస్తారు. దానికి ఉన్నదున్నట్టు జవాబివ్వండి. అన్నీ బాగున్నాయని మర్యాదకి రాయకండి. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే అడగొచ్చు, చాలాచోట్ల దానికి డబ్బు తీసుకోరు. ఊరికే ఏడుపొస్తోంది, బిడ్డ మీద కూడా ఇష్టం పుట్టట్లేదు అనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగక్కర్లేదు, ఆ రోజే ఫోన్ చేయండి. భర్తలకి ఒక మాట: శనివారం పొద్దున రెండు గంటలు బిడ్డని మీరు బయటికి తీసుకెళ్లండి, ఆమెని పడుకోనివ్వండి.

8. ఇండియా ప్రయాణం ఎప్పుడు

అందరూ డిసెంబర్‌లో టికెట్లు కొంటారు. మీకు వీలుంటే జనవరి మొదటి వారంలో బయల్దేరి సంక్రాంతి అక్కడ చేసుకుని ఫిబ్రవరిలో రండి. డిసెంబర్‌లో ఇక్కడ దీపాలు, పండగలు ఉంటాయి. జనవరిలో అవన్నీ తీసేశాకే అసలు నీరసం మొదలవుతుంది. ఫిబ్రవరి రెండో సగానికి సాయంత్రం 5 దాకా వెలుగుంటుంది. అయితే నేల మీది మంచు మాత్రం అప్పుడే ఎక్కువ, అందుకని పిల్లల ఓవరాల్, బూట్లు, టోపీ చెక్-ఇన్ సూట్‌కేసులో వేయకండి. అన్నీ ఒక సంచిలో చేతి సామానులోనే ఉంచుకుని, స్టాక్‌హోం ఎయిర్‌పోర్టు ఆర్లాండాలో సామాను బెల్టు దగ్గర నిలబడ్డప్పుడే తొడిగేయండి.